పెళ్లి వీడియోలో మాట వినపడాలి

పెళ్లి ఖర్చుల్లో చాలావాటి పని ఆ ఒక్క రోజుతోనే తీరిపోతుంది. భోజనాలు, పూలు, మండపం, లైట్లు అన్నీ అంతే. సికింద్రాబాద్ పాట్ మార్కెట్‌లో కొన్న బంగారం మిగులుతుంది, వీడియో మిగులుతుంది. బంగారం కొనేటప్పుడు హాల్‌మార్క్ చూస్తాం, తరుగెంత, మజూరీ ఎంత అని గుచ్చి గుచ్చి అడుగుతాం. వీడియో దగ్గరికొచ్చేసరికి ‘ప్యాకేజీ ఎంత?’ అన్న ఒక్క ప్రశ్నతో సరిపెట్టుకుంటాం. మా అమ్మాయి పెళ్లికి మాత్రం వీడియోను కూడా బంగారం కొన్నంత జాగ్రత్తగా కొనాలనుకున్నాం.

నాది సికింద్రాబాద్‌లోనే మోండా మార్కెట్‌లో పసుపు కుంకుమల దుకాణం. ముహూర్తాలున్న వారంలో ఇక్కడ తమలపాకుల నుంచి బంతిపూల దాకా రేటు ఎక్కుతుంది, ఆషాఢం రాగానే దిగుతుంది. వీడియోగ్రాఫర్లదీ అదే లెక్క. మాఘం, వైశాఖం, శ్రావణాల్లో ఒకే ముహూర్తానికి ఎందరో పెళ్లివాళ్లు ఒకే కెమెరామన్ కోసం పోటీపడతారు. ఆషాఢంలో, మూఢాల్లో అదే స్టూడియో ఖాళీగా ఉంటుంది. అందుకే మాఘంలో పెళ్లికి ఆషాఢంలోనే మాట్లాడుకున్నాం. ఆ రోజుల్లో రేటు తగ్గించే వీలుంటుంది. అంతకంటే ముఖ్యం, మనతో కూర్చుని పాత పనులు చూపించే తీరిక వాళ్లకుంటుంది.

ఏం కొనాలో మాకు తేల్చి చెప్పింది మా పెళ్లి క్యాసెట్. ఆ వీహెచ్ఎస్ టేపును కొన్నేళ్ల కింద కంప్యూటర్‌లోకి ఎక్కించాం. రంగులు వెలిసిపోయాయి, ముఖాల మీద గీతలు పడ్డాయి. తలంబ్రాల దగ్గర సన్నాయి కాసేపు ఆగినప్పుడు మాత్రం, “నిమ్మళంగా పొయ్యి బిడ్డా, కళ్లల్ల పడతయి” అని మా అమ్మ అన్న మాట స్పష్టంగా వినిపించింది. అమ్మ ఇప్పుడు లేదు. ఇంట్లో ఎవరు ఆ వీడియో పెట్టినా ముందు అక్కడికే పోతారు. వీడియోలో ఏళ్లు గడిచేకొద్దీ విలువ పెరిగేది మనుషుల మాటలకేనని, అక్కడే డబ్బు పెట్టాలని నిర్ణయించుకున్నాం.

జనరల్ బజార్ చుట్టుపక్కల స్టూడియోలకు వెళ్లినప్పుడు అందరూ ముందు ట్రైలరే చూపించారు. ట్రైలర్లన్నీ బాగానే ఉంటాయి, మంచి పాట పడితే ఏ పెళ్లయినా కన్నీళ్లు పెట్టిస్తుంది. “అన్నా, పాట తీసేసి అప్పగింతలు చూపించు” అని అడిగాను. ఒకచోట పాట తీసేస్తే జనరేటర్ హోరు తప్ప ఏమీ లేదు. మేం కుదుర్చుకున్న కుర్రాడి దగ్గర పెళ్లికూతురు తండ్రి గొంతు పూడుకుపోవడం, పక్కన పిన్ని “ఊకోండి బావా” అనడం, రెండూ విడివిడిగా వినపడ్డాయి. మాంగల్యధారణ వేళ గట్టిమేళం అన్ని మాటల్నీ మింగేస్తుందని, పురోహితుడికి కాలర్ మైకు పెట్టి మంత్రాన్ని విడిగా రికార్డు చేస్తానని మేం అడగకముందే చెప్పాడు. పని తెలిసిన మనిషి అని అక్కడే అర్థమైంది.

అతని మొదటి ప్యాకేజీ 2,20,000 రూపాయలు. దాన్ని విడగొట్టి రాసిమ్మన్నాం. ప్రీవెడ్డింగ్ షూట్ 45,000, ఎల్ఈడీ తెరలు 25,000, డ్రోన్ 15,000 అని తేలింది. “పెళ్లికి ముందు పార్కులో తీసే పాట నాకొద్దు నాన్నా, పెళ్లి బాగా తీయించు” అంది అమ్మాయి. డ్రోన్ సంగతి వేరే ఉంది. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్‌లో చూపిన రెడ్, ఎల్లో జోన్లలో అనుమతి లేకుండా ఎగరేయకూడదు. మా హాలు బేగంపేట విమానాశ్రయానికి దగ్గర. మూడూ తీసేస్తే 1,35,000 మిగిలింది. సౌండుకు 8,000, మహిళా ఫొటోగ్రాఫర్‌కు 12,000 కలిపాం. మొత్తం 1,55,000.

మహిళా ఫొటోగ్రాఫర్ ఎందుకని బంధువులు అడిగారు. నలుగు, పెళ్లికూతురి అలంకారం దగ్గర మగ కెమెరామన్ ఉంటే ఆడవాళ్లు బిగుసుకుపోతారు. ఇది మన ఊరికి కొత్త సంగతేం కాదు. 1886లో సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టిన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్, పరదా పాటించే స్త్రీల కోసం 1892లో హైదరాబాద్‌లో ప్రత్యేకంగా జెనానా స్టూడియో తెరిచి, దాని బాధ్యత ఒక ఆంగ్ల వనితకు అప్పగించాడు. కెమెరా ఎవరి చేతిలో ఉందన్నదాన్ని బట్టే ఎదుటివాళ్ల ముఖం విప్పారుతుందని ఆయనకు ఆనాడే తెలుసు.

లెక్క తేలాక మా వీడియో కుర్రాడు “బిల్లు వద్దంటే జీఎస్టీ ఉండదన్నా” అన్నాడు. సేవలకు ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉండాలి, ఫొటోగ్రఫీకి పన్ను 18 శాతం. 27,900 కట్టి బిల్లు తీసుకున్నాం. పన్ను మన బాధ్యత, ఆ మాట అలా ఉంచినా రేపు తేడా వస్తే వినియోగదారుల కమిషన్ ముందు చూపించడానికి ఆ కాగితమే పెద్ద ఆధారం. అక్కడ 5 లక్షల లోపు వ్యవహారానికి ఫీజు కూడా లేదు. మొత్తం 1,82,900లో అడ్వాన్సు 40,000, పెళ్లిరోజు 80,000, మిగిలిన 62,900 ఆల్బమ్, వీడియో చేతికొచ్చాకే అని రాసుకున్నాం. ఫొటోలు ఎంచి ఇవ్వడంలో ఆలస్యం చేసేది సాధారణంగా పెళ్లివాళ్లే కాబట్టి, మేం ఎప్పటిలోగా ఇవ్వాలో కూడా ఒప్పందంలో పెట్టాం.

ఇంకో షరతు గురించి చాలామందికి తెలియదు. కాపీరైట్ చట్టం 1957లోని 17వ సెక్షన్ ప్రకారం, డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకు, వీడియోకు వేరే ఒప్పందమేదీ లేకపోతే మొదటి హక్కుదారు తీయించుకున్నవాళ్లే. స్టూడియో ఇచ్చే ఫారంలో ‘ప్రచారానికి వాడుకుంటాం’ అన్న వాక్యం ఉంటే చదవకుండా సంతకం పెట్టొద్దు. మేం దాన్ని ‘అమ్మాయి అనుమతితో’ అని మార్పించాం. ఎడిటింగ్ చేయని అసలు ఫైళ్లు కూడా మాకే ఇవ్వాలని రాయించాం.

ఆ ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో పట్టేవి కావు. సెకనుకు 100 మెగాబిట్ల వేగంతో తీసే 4కే వీడియో గంటకు 45 జీబీ తింటుంది. రెండు కెమెరాలు ఎనిమిది గంటలు తిరిగితే 720 జీబీ. 2 టీబీ హార్డ్‌డిస్కులు రెండు కొని, ఒకటి మా ఇంట్లో, ఒకటి వియ్యంకుల ఇంట్లో పెట్టాం. నాలుగైదేళ్లకోసారి కొత్త డిస్కులోకి మార్చుకోవాలి. ప్రపంచంలో చివరిదాకా వీసీఆర్లు చేసిన జపాన్ కంపెనీ ఫునాయ్ 2016లో తయారీ ఆపేసింది. టేపు బాగున్నా ఆడించే యంత్రం లేకపోతే దానితో పనేముంది?

ప్యాకేజీ యథాతథంగా ఒప్పుకుంటే పన్నుతో కలిపి 2,59,600 అయ్యేది. తగ్గిన 76,700ను అమ్మాయి పేరున ఫిక్స్‌డ్ డిపాజిట్ చేశాం.

మీ ఇంట్లో పెళ్లి ఉంటే బేరానికి కూర్చునే ముందు ఇంటిల్లిపాదీ కలిసి ఒక చీటీ రాయండి. ఇరవై ఏళ్ల తర్వాత ఎవరి మాట వినాలనుకుంటారో వాళ్ల పేర్లు, ఏ తంతులో వాళ్లు ఉంటారో ఆ వివరం. మా చీటీలో మొదటి పేరు మా అత్తయ్యది. ఆమె మాట్లాడేటప్పుడు దగ్గర్లో మైకు ఉండాలని ఒప్పందంలో మొదటి షరతుగా రాశాం. డ్రోనులూ తెరలూ ఆ చీటీ పూర్తయ్యాక డబ్బు మిగిలితే చూసుకోవచ్చు.