వాగు పక్కన పుట్టి ఈత రాని మేము

 

మా గూడేన్ని ఆనుకునే వాగు. మా తాతల కాలంలో ఎండిన సొరకాయ బుర్ర నడుముకి కట్టి పిల్లల్ని నీళ్లలో దించేవాళ్లంట. కొన్నాళ్లకి బుర్ర అక్కర్లేకుండానే ఈదేవాళ్లు.

మేము మూడో తరగతికే ఆశ్రమ పాఠశాలకి వచ్చేశాం. మా ఇళ్లల్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాళ్లం మేమే. చదువు వచ్చింది, ఈత రాలేదు. చెరువు వైపు పోతే దెబ్బలు. ఆటల పీరియడ్ టైం టేబుల్‌లో ఉండేది, గ్రౌండ్‌లో ఉండేది కాదు. పదో తరగతిలో అది కూడా లెక్కల సారుకే పోయింది.

పోయిన దసరా సెలవుల్లో ముగ్గురం వాగు దాటుతున్నాం. నడుము లోతే అనుకున్నాం. మధ్యలో ఒకడి కాలు జారింది. మిగతా ఇద్దరం అరవడం తప్ప ఏమీ చేయలేకపోయాం. గట్టు మీద గొడ్లు కాస్తున్న తాత నీళ్లలోకి దూకలేదు. పొడుగాటి కర్ర అందించి వాణ్ని లాగాడు. వాడు నీళ్లు కక్కుతుంటే, "ఇంత సదివి వాగు దాటుడు రాదేందిరా?" అన్నాడు. మాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేదీ ఇదే. బడి వయసు పిల్లలకి ఈత, నీళ్ల దగ్గర జాగ్రత్త, తాను మునగకుండా ఇంకొకర్ని కాపాడే పద్ధతి నేర్పాలి. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకి రోజుకి సగటున 60 నిమిషాలైనా ఒళ్లు బాగా కదలాలి. మన హాస్టళ్లలో ఎంతమందికి ఆ గంట దొరుకుతోంది?

సత్తా లేక కాదు. 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కినప్పుడు మన మలావత్ పూర్ణకి 13 ఏళ్లు. ఆమెదీ గురుకులమే. భువనగిరి గుట్ట మీద శిక్షణ ఇచ్చారు, ఎక్కి చూపించింది. నేర్పితే కదా వచ్చేది!

అందుకే ఈ ఎండాకాలం మేము మొదలుపెట్టాం. నీళ్లు తగ్గి, తేటగా ఉన్నచోట, ఈత బాగా వచ్చిన పెద్దోళ్లు గట్టు మీద ఉంటేనే దిగుతున్నాం. చేతికి అందేలా కర్ర, తాడు పెట్టుకుంటున్నాం. గూడెం పిల్లల్ని కూడా పిలుస్తున్నాం. మీ ఊళ్లల్లో కూడా పిలవండి. బడి తెరిచాక ఆటల పీరియడ్ మా పీరియడ్ అని సార్లని అడగమని తమ్ముళ్లకి చెప్పండి.

ఇరవై ఏళ్ల వయసులో బుర్ర కట్టుకుని దిగితే చిన్నపిల్లలు నవ్వుతున్నారు. నవ్వనీయండి. వాళ్లు మాకంటే ముందే నేర్చుకుంటున్నారు.