ఇరుకులో ఇమిడిన సంసారము

చోటు చిన్నదైనప్పుడు సామాను సర్దుట ఒక విద్య. విశాలమైన లోగిళ్లలో పుట్టి పెరిగినవారికి ఈ విద్యతో పని లేదు. మన పెద్దలు పొట్ట చేతబట్టుకొని తెలంగాణా పల్లెల నుండి బొంబాయి మిల్లులకు వచ్చిన నాడు ఇది వారికి తప్పనిసరి యైనది. ఆ విద్యకు అమెరికా దేశములో, ఒక ట్రక్కు వెనుక భాగమున, అక్కర గలుగునని మేము కలలో నైనను తలపలేదు.

2023 మే నెలలో మే మిరువురము అరిజోనా రాష్ట్రమందలి ఫీనిక్సు నగరములో నున్న మా కుమారుని యింటికి పోయియుంటిమి. అతడు తన పికప్పు ట్రక్కుపై అమర్చుకొను చిన్న క్యాంపరు నొకదానిని కొనియుండెను. ఎరుగని పాఠకుల కొరకు దాని స్వరూపము చెప్పుదుము. ట్రక్కు వెనుక తొట్టిలో పెట్టె వంటి గది యొకటి కూర్చుండును. దాని పైభాగము డ్రైవరు తల మీదికి సాగి పడక యగును. క్రింద ఎదురెదురుగా రెండు బల్లలు, నడుమ భోజనపు బల్ల. రాత్రివేళ నడిమి బల్లను దించి మెత్తలు పరచిన మరియొక పడక. ఒక గ్యాసు పొయ్యి, గిన్నెలు కడుగు తొట్టి, నీటి ట్యాంకు, నాలుగైదు చిన్న అరలు. ఒకరు నిలిచిన మరియొకరు కూర్చుండవలసినదే. అందులో నలుగురము మూడు రాత్రులకై గ్రాండు కాన్యను చూడ బయలుదేరవలెను.

ముందునాటి సాయంకాలము కొడుకును కోడలును కొత్తగా కొన్న ప్లాస్టికు డబ్బాలతోను, సూటుకేసులతోను కుస్తీ పట్టుచుండిరి. సగము సామాను ఎక్కకమునుపే చోటు నిండెను. మా గృహిణి కొంతసేపు చూచి, “బిడ్డా, ముందుగాల అన్ని కింద పెట్టు. ఏది ఎంత బరువున్నదో చూసి ఎక్కిద్దాం” అనెను.

ఆమె మాట అక్కడి లెక్కకు సరిగా సరిపోయినది. ట్రక్కు తలుపు అంచున నొక చీటీ యంటించి యుండును. మనుష్యులును సామానును కలిసి ఎంత బరువు మించరాదో దానిపై వ్రాసియుండును. క్యాంపరు బరువు కూడ ఆ లెక్కలోనిదే. చోటున్నది గదా యని నింపుకొని పోయిన బరువు హద్దు దాటును. లీటరు నీరు కిలో తూగును. 20 గ్యాలన్ల ట్యాంకు నిండిన నీరే 76 కిలోలు. విడిదిలో కుళాయి యున్నదని తెలిసికొని ట్యాంకును సగమే నింపితిమి. దారిలో లారీలను తూచు కాటాపై బండిని ఒకమారు తూచి చూచుకొంటిమి.

బియ్యము, పప్పు, పనిముట్లు మున్నగు బరువు వస్తువులు బల్లల క్రింద, నేలకు దగ్గరగా, వెనుక ఇరుసుకు ముందు వైపున చేరినవి. బరువు వెనుక చివరకు పోయిన బండి ముందు భాగము తేలికయై చక్రముల పట్టు తగ్గును; పైకి పోయిన మలుపులలో బండి ఊగును. దుప్పట్లు, బట్టలు మాత్రమే పై అరలకు పోయినవి. సూటుకేసులు ఇంటనే నిలిచిపోయినవి. బట్టలు తీసివేసినను తమ చోటు తాము విడువనివి గదా! గుడ్డసంచులు ఖాళీ యైనకొలది మడతపడును. మార్చుకొను బట్టలను గలీబులో దూర్చగా అదియే తలగడ యైనది. కుక్కరులో గిన్నె, గిన్నెలో పప్పు పొట్లములు, గ్లాసులో గ్లాసు. మ్రోగకుండ నడుమ తువ్వాళ్లు. పండ్లకు, ఉల్లిగడ్డలకు పైకప్పు నుండి వలసంచి వ్రేలాడదీసినారు. దాని కాంగ్లమున ఏదో పేరున్నది. మా గృహిణి దానిని చూచి, “ఇది మన ఉట్టే కద!” యని నవ్వినది.

అన్ని సందులను నింపుట కూడ తెలివి కాదు. గ్యాసు బండ యున్న అరకు అడుగున బయటికి గాలి పోవు రంధ్ర ముండును. అక్కడి ప్రొపేను గాలికన్న బరువైనది. కారిన అడుగునకే దిగును. ఆ రంధ్రమునకు ఏ సంచియు అడ్డు పెట్టరాదు. పరుపు క్రింద సైత మేమియు దాచరాదు. గ్రాండు కాన్యను దక్షిణపు అంచు ఇంచుమించు 7,000 అడుగుల ఎత్తున నున్నది. మే నెలలోను రాత్రులు చలి. నలుగురి ఊపిరిలోని తేమ చల్లని చెక్కను తాకి నీరగును. మన చాళ్లలో వానకాలమున ట్రంకుపెట్టెలను గోడకు జానెడు దూరము జరుపుట ఇందుకే గదా.

రెండవ రాత్రి భోజనములైన పిదప మావాడు మెల్లగా ననెను: “బాపూ, చిన్నప్పుడు దోస్తులను ఇంటికి పిలువాలంటే సిగ్గయ్యేది. కూసోబెట్ట జాగ ఉండకపోయేది. ఇప్పుడు దానికన్న చిన్న గదిని పైసలు పెట్టి కొన్న.”

మేము బదులు చెప్పకమునుపే వాని తల్లి, “ఇది మూడు రాత్రులు బిడ్డా, అది మూడు తరాలు” అనెను.

ఆ మాట మరువరానిది. కోరి ఇరుకున గడుపుట వేరు, గతిలేక గడుపుట వేరు. 1920ల దశాబ్దములో బొంబాయి డెవలప్‌మెంటు డిపార్టుమెంటు వర్లిలో కట్టిన చాళ్లలో మాది యొక గది, 160 చదరపు అడుగులు. అందు ఎనమండ్రము. ఇటుకలపై ఎత్తిన మంచము క్రింద ట్రంకులు, మూలన మోరీ, నీటి పీపా, పైన అటక, గోడ నుండి గోడకు దండెము. మగవారు నడవలో పండుకొనెడివారు. చెల్లెండ్రు మెట్లపై దీపము క్రింద చదివిరి. 1982 జనవరిలో మొదలైన మిల్లు సమ్మెతో మా తండ్రిగారి పని పోయెను. గది మరింత ఇరుకైనట్లు తోచెను. ఆ దినములను ఎవరైనను తియ్యగా వర్ణించిన మాకు రుచింపదు.

అయినను ఒక విషయము చెప్పవలెను. అంగుళము అంగుళమునకు లెక్కయున్న ఆ గదిలో మా తల్లిగారు అటకపై నొక చిన్న ట్రంకు నుంచిరి. అందు మా తాతగారి మగ్గపు నాడె, ఒక పెద్దబాలశిక్ష. నాడెతో బొంబాయిలో ఏ పనియు లేదు. చెల్లెలి ప్రసవమునకు చోటు చాలనప్పుడు పీపాను బయట పెట్టినారు గాని ట్రంకును కదపలేదు. మే మిద్దరమును, మా కుమారుడును తెలుగక్షరములు దిద్దినది ఆ పుస్తకము చూచియే. క్యాంపరులో మూడు దినములలో చేయి తాకని వస్తువును దించివేయుట న్యాయము. సంసారమున ఆ సూత్ర మొక్కటియే చాలదు. ఏది వదలవలెనో లెక్క చెప్పును. ఏది వదలరాదో ఇంటివారే నిర్ణయించుకొనవలెను.

ఇప్పుడు ఆ చాళ్లు పోయి అంతస్తుల మేడలు లేచుచున్నవి. 2025 ఆగస్టులో వర్లిలో మొదటి విడతగా 556 కుటుంబములకు 500 చదరపు అడుగుల ఇండ్ల తాళపుచెవులు అందినవి. మా వంతు కొరకు మేమును వేచియున్నాము. కొత్త యింట సామాను ఎక్కడ పెట్టవలెనని మా గృహిణి అప్పుడే కాగితముపై గీతలు గీయుచున్నది. పెద్ద బీరువాకు ఇంకను చోటు కుదరలేదు. ట్రంకునకు మాత్రము మొదటనే కుదిరినది.