వియ్యానికైనా కయ్యానికైనా

వియ్యానికైనా కయ్యానికైనా సమఉజ్జీ కావాలన్న పెద్దలు అంతర్జాలాన్ని ఎరుగరు. కానీ అంతర్జాలంలోని నెట్‌వర్కులు ఒకదానితో ఒకటి ఎలా ముడిపడి ఉన్నాయో చెప్పవలసి వస్తే ఇంతకన్నా మంచి మాట నాకు ఇంతవరకూ దొరకలేదు. ఆంగ్లంలో ఈ ముడిని పీరింగు అంటారు. పీరు అంటే సాటివాడు, సమానుడు. మనకేమో పీర్లు అనగానే పీర్ల పండగా, నిప్పుల గుండమూ కళ్ల ముందు మెదులుతాయి. అందుకని ఈ టపా పూర్తయ్యేవరకూ దాన్ని వియ్యం అనే పిలుస్తాను. చదువరులు మన్నించాలి.

అంతర్జాలం ఒక్కటే అన్నది మన భ్రమ. ఎవరికి వారు సొంత ఖర్చుతో నిర్మించుకున్న డెబ్బై వేలకు పైబడిన నెట్‌వర్కుల సముదాయం అది. ఒక్కొక్కదానికీ ఒక సంఖ్య ఉంటుంది. పక్కవాడితో "ఫలానా చిరునామాలకు నా గుండా వెళ్లవచ్చు" అని చెప్పుకోవడానికి వాటికొక ఉమ్మడి భాష ఉంది. దాని పేరు బీజీపీ. 1989లో ఒక సమావేశంలో భోజనాల వేళ కర్క్ లాఫీడ్, యాకవ్ రెక్టర్ అనే ఇంజనీర్లు చేతులు తుడుచుకునే కాగితాల మీద దాని తొలి రూపం గీశారు. ఈనాటికీ లోకమంతా ఆ భాషకే తరువాతి కూర్పును మాట్లాడుతోంది.

ఒక నెట్‌వర్కు మరొకదాన్ని చేరడానికి ముఖ్యంగా రెండు మార్గాలు. మొదటిది కొనుక్కోవడం. ఒక పెద్ద నెట్‌వర్కుకు నెలనెలా డబ్బు చెల్లిస్తే లోకంలోని చిరునామాలన్నింటికీ అది దారి చూపిస్తుంది. దీన్ని ట్రాన్సిట్టు అంటారు. రెండవది వియ్యం. ఇక్కడ సాధారణంగా డబ్బు ప్రసక్తి ఉండదు. నా ఖాతాదారులకు నువ్వు పంపేది నేను తీసుకుంటాను, నీ ఖాతాదారులకు నేను పంపేది నువ్వు తీసుకో, అంతే.

అయితే ఈ వియ్యానికి ఒక కట్టుబాటు ఉంది. వియ్యంకుడి ఇంటికి దారి నా ఇంట్లోవాళ్లకు చెబుతాను, ఇంకో వియ్యంకుడికి మాత్రం చెప్పను. వాళ్లిద్దరూ నా పెరట్లోంచి రాకపోకలు సాగిస్తే ఆ బరువు మోసినందుకు నాకు పైసా ఇచ్చేవాడు ఉండడు కదా! డబ్బు లేదంటే ఖర్చు లేదని కూడా కాదు. ఇద్దరూ ఒకే భవనానికి తీగలు తెచ్చుకోవాలి, అద్దె కట్టాలి, రూటరులో చోటు కేటాయించాలి. అంత ఖర్చు పెట్టినా ట్రాన్సిట్టు బిల్లు తగ్గితే గిట్టుబాటే. దారి దగ్గరవుతుంది. ఏదైనా తెగిపోతే నడిమివాడిని బతిమాలకుండా నేరుగా అవతలివాడికే ఫోను చేయవచ్చు.

వీటన్నిటికన్నా నన్ను విస్మయపరచినది వేరే ఉంది. ప్యాకెట్ క్లియరింగ్ హౌస్ అనే సంస్థ 2011లో ఇలాంటి ఒప్పందాలను లెక్కపెట్టింది. మొత్తం 1,42,210 ఒప్పందాలు లెక్కకు వస్తే, అందులో కాగితం మీద సంతకాలు ఉన్నవి 698. మిగిలినవన్నీ నోటిమాటలే! 2016లో మళ్లీ లెక్కపెట్టేసరికి ఒప్పందాలు 19,35,822 అయ్యాయి, నోటిమాటల వాటా నూటికి 99.93కు పెరిగింది. స్టాంపు కాగితం లేనిదే రెండు గదుల వాటా కూడా అద్దెకు దొరకని కాలంలో మనం ఉన్నాం. మన ఉత్తరాలూ బ్యాంకు లావాదేవీలూ కవిత్వమూ ఇంచుమించు పూర్తిగా మాట మీద నిలబడిన వంతెనల గుండా నడుస్తున్నాయి. న్యాయవాదుల ప్రమేయం లేకుండా ఇంత పెద్దది మరేదైనా కట్టారా అని నాకు సందేహం.

మరి సమానుడు అన్నది ఎలా తేలుస్తారు? పైకి చెప్పే కొలత బరువు. నువ్వు నాకు పంపేదీ నేను నీకు పంపేదీ దాదాపు సరితూగాలి. ఒకటికి రెండు మించితే వియ్యం కుదరదని కొందరి నియమం. దీని వెనుక కారణం లేకపోలేదు. వియ్యంకులు పలుచోట్ల కలుస్తారు. పంపేవాడు తన తీగల మీద భారం తగ్గించుకోవడానికి తనకు అతి దగ్గరి కూడలిలోనే సరుకు అప్పగించేస్తాడు. అక్కడి నుంచి దూరాభారమంతా అందుకున్నవాడిదే. ఇద్దరూ ఇదే పని చేస్తారు గనుక పంపేవి సమానమైతే మోతా సమానమే. కానీ పుట అడిగే విన్నపం చిటికెడు, వచ్చే పుట గంపెడు. అందువల్ల సర్వర్లు ఉన్న నెట్‌వర్కు ఎప్పుడూ ఎక్కువ పంపుతుంది, ఇళ్లు ఉన్న నెట్‌వర్కు ఎప్పుడూ ఎక్కువ మోస్తుంది. తగవంతా ఇక్కడే.

నా మటుకు నాకు ఈ తూకం పైకి చెప్పే మాట మాత్రమే అనిపిస్తుంది. అసలు కొలత వేరు: ముడి తెగితే ఎవరికి ఎక్కువ నొప్పి? ఇద్దరికీ సమానంగా నొప్పి కలిగితేనే ఇద్దరూ సమానులు. దీన్ని పరీక్షించాలంటే తెంపి చూడవలసిందే. 2005 అక్టోబరు 5న లెవెల్ త్రీ అనే సంస్థ కోజెంట్ అనే సంస్థతో వియ్యం తెంచుకుంది. పెద్ద పెద్ద నెట్‌వర్కులే రెండూనూ. మూడోవాడి దగ్గర దారి కొనుక్కుని అవతలివాడిని చేరడానికి రెండింటిలో ఏదీ ఒప్పుకోలేదు, ఎందుకంటే కొన్నవాడు తాను తక్కువవాడినని ఒప్పుకున్నట్టే. ఫలితంగా ఆ ఒక్కదాని మీదే ఆధారపడ్డ ఖాతాదారులకు, ఈ ఒక్కదాని మీదే ఆధారపడ్డ సైట్లు కనపడకుండా పోయాయి. తీగలు తెగలేదు, కరెంటు పోలేదు, ఏ యంత్రమూ చెడలేదు. రెండు రోజులకు తాత్కాలికంగా ముడి వేశారు, ఆ నెల 28న రాజీ కుదిరినట్టు ప్రకటించారు. వియ్యంకులు అలిగితే పస్తులున్నది పెళ్లివారు! డబ్బు కట్టిన ఆ ఖాతాదారులను తెంపేముందు ఎవరూ సంప్రదించలేదు, కలిపేముందూ సంప్రదించలేదు. ఈ ఏర్పాటులో నాకు నచ్చనిది ఇదొక్కటే, కానీ ఇది చిన్నదేమీ కాదు.

అలకలు తీర్చే పద్ధతులు కూడా వింతగానే ఉంటాయి. ఐపీవీ6 చిరునామాల విషయంలో అదే కోజెంట్‌తో వియ్యం కుదరని హరికేన్ ఎలక్ట్రిక్ వారు 2009 అక్టోబరులో ఇంజనీర్ల సమావేశానికి ఒక పెద్ద కేకు చేయించి తెచ్చారు. మాతో కలవండి అని దాని మీద క్రీముతో రాయించారు. కేకు అందరూ తిన్నారు, వియ్యం మాత్రం ఏళ్లు గడిచినా కుదరలేదు.

మన సంగతికి వస్తే, దేశంలో ప్రజలకు ఇంటర్నెట్టు 1995 ఆగస్టు 15న వచ్చింది. 1998 నవంబరు దాకా వీఎస్‌ఎన్‌ఎల్‌దే ఏకఛత్రాధిపత్యం. తరువాత ప్రైవేటు సంస్థలు వచ్చాయి, కానీ వాటిలో చాలామటుకు విదేశాలకు దారి కొనుక్కున్నాయే గాని పక్కవాడితో కలవలేదు. 2002లో నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఉండేవాడిని, మా తమ్ముడు కూకట్‌పల్లిలో. ఇద్దరివీ వేరు వేరు కంపెనీల కనెక్షన్లు, పేర్లు అనవసరం. ఒక రాత్రి కుతూహలం కొద్దీ నా కంప్యూటరు నుంచి వాడి కంప్యూటరుకు దారి ఎలా పోతోందో ట్రేసు చేసి చూశాను. ముంబయి, సముద్రం, అమెరికా పడమటి తీరం, మళ్లీ సముద్రం, మళ్లీ ముంబయి, అప్పుడు కూకట్‌పల్లి! ముక్కేదిరా అంటే చెయ్యి తల చుట్టూ తిప్పి చూపించినట్టు. పైగా ఆ సముద్రపు దారికి రెండు వైపులా డాలర్లు చెల్లిస్తున్నారు.

ఈ అవస్థ తప్పించడానికే 2003లో నిక్సీ అనే లాభాపేక్ష లేని సంస్థ ఏర్పడింది. నోయిడాలో మొదలై తరువాత ముంబయి, చెన్నై వంటి నగరాలకూ, కాలక్రమంలో హైదరాబాదుకూ వచ్చింది. ఇది ఊరి సంతలాంటిది. ప్రతివాడూ ప్రతివాడి ఇంటికి తీగ లాగనక్కరలేదు, అందరూ ఒక్కచోటికి తెచ్చుకుంటే చాలు. అయితే తొలినాళ్లలో నిక్సీవారు పంపినదానికన్నా ఎక్కువ తీసుకున్నవాడు ఆ తేడాకు డబ్బు కట్టాలని నియమం పెట్టారు. సంతకు వచ్చినవాడికల్లా లెక్కల పుస్తకం చేతికిచ్చినట్టయింది. ఇళ్లకు కనెక్షన్లు ఇచ్చేవాడు తీసుకునేవాడే అవుతాడు, మరి వాడు ఉత్సాహంగా ఎందుకు వస్తాడు?

దీనికి పూర్తిగా తిరగేసిన లెక్క దక్షిణ కొరియాలో వేశారు. 2016 నుంచి అక్కడి పెద్ద నెట్‌వర్కుల మధ్య పంపేవాడే డబ్బు కట్టాలి. ఆ భారం చివరికి వీడియోలు పంపే సంస్థల మీదకు జారింది. ట్విచ్ అనే సంస్థ ఖర్చులు భరించలేమని 2024 ఫిబ్రవరిలో ఆ దేశం నుంచి తప్పుకుంది. అటు లెక్కపెట్టినా ఇటు లెక్కపెట్టినా వియ్యంలో డబ్బు చొరబడితే ఎవరో ఒకరు పీటల మీద నుంచి లేచిపోతున్నారు. అమెరికాలో 2014లో నెట్‌ఫ్లిక్స్ వారు కామ్‌కాస్ట్‌కు నేరుగా డబ్బు కట్టి కలవడానికి ఒప్పుకున్నారు. అప్పటికి నెలల తరబడి సినిమాలు ఆగి ఆగి నడిచాయి.

ఇప్పుడు పెద్ద సంస్థలు వియ్యాన్ని కూడా దాటి ఇల్లరికానికి వచ్చాయి. నెట్‌ఫ్లిక్స్, గూగుల్ తమ వీడియోలు నింపిన పెట్టెలను తమ ఖర్చుతోనే ఇంటర్నెట్టు సంస్థల భవనాల్లో పెట్టిస్తాయి. అల్లుడు ఇంట్లోనే ఉంటే రాకపోకల ఖర్చు లేదు. అయితే అల్లుడు ప్రతి ఇంటికీ రాడు, కాస్త కలిగిన ఇల్లు చూసుకునే వస్తాడు.

ఇది నాకు తెలిసింది మా మేనమామ కొడుకు వల్ల. వాడు గోదావరి జిల్లాలో ఒక చిన్న పట్టణంలో కేబులు వ్యాపారం నుంచి ఇంటర్నెట్టులోకి దిగాడు. నాలుగు వేల ఇళ్లు. దారి అంతా ఒకే పెద్ద కంపెనీ దగ్గర కొనుక్కునేవాడు, ఆ కంపెనీ చెప్పిందే ధర. వీడియో పెట్టె అడిగితే మీ వాడకం చాలదన్నారు. వియ్యం సంగతి నేను ఎత్తితే నవ్వాడు.

"మనతో వియ్యమందేవాడు ఎవడుంటాడు బావా? వాళ్లకి మన అవసరమేముంది?"

నేను పైన చెప్పిన కొలతనే వాడు ఒక్క ముక్కలో చెప్పాడు. అయినా నిరుడు ధైర్యం చేసి హైదరాబాదు దాకా ఒక తీగ అద్దెకు తీసుకుని, అక్కడి ఒక కూడలిలో చోటు సంపాదించాడు. కూడలి నిర్వాహకులు నడిపే రూట్ సర్వరుతో ఒక్కసారి కలిస్తే దానితో కలిసిన వాళ్లందరితోనూ వియ్యం కుదిరినట్టే. సాయంకాలపు బరువులో దాదాపు సగం అటు మళ్లింది. పాత కంపెనీ తనంతట తానే ధర తగ్గించింది.

రూట్ సర్వరుతో కలవని మరో అయిదుగురికి విడివిడిగా ఈమెయిళ్లు రాశాడు. తెలుగు మీడియం కుర్రాడు, ఆంగ్లం సరిచూడమని నాకే పంపాడు. మూడు వాక్యాలు: మేము ఫలానా, మా సంఖ్య ఇది, కలుద్దామా. ముగ్గురు ఆ రోజే సరేనన్నారు, అరగంట పని, సంతకాల ఊసే లేదు. ఒకరి నుంచి జవాబు రాలేదు. అయిదవవారు మాత్రం మా నియమాల ప్రకారం మీ బరువు చాలదని మర్యాదగా రాశారు. మళ్లీ వచ్చే ఏడాది రాస్తానని మావాడు జవాబిచ్చాడు.