30కి 28

అన్నయ్య డిశ్చార్జ్ కాగితం మీద జీసీఎస్ 15 అని రాసుంది. గ్లాస్గో కోమా స్కేల్. కళ్లు తెరవడం, మాట్లాడడం, చెప్పినట్టు కదలడం, ఈ మూడింటికీ కలిపి వేసే మార్కులు. అన్నిటికన్నా తక్కువ 3, ఎక్కువ 15. 1974లో టీస్‌డేల్, జెనెట్ అనే ఇద్దరు డాక్టర్లు గ్లాస్గోలో తయారుచేశారు. బైక్ మీంచి పడ్డ రాత్రి అన్నయ్యకి 9 వేశారు. అందుకే ఆ 15 చూసి అమ్మ కొబ్బరికాయ కొట్టింది.

మూడు నెలలయ్యాక ఇంకో పరీక్ష పెట్టారు. మోకా అంటారు. గడియారం బొమ్మ గీసి పదకొండూ పది చూపించాలి. 100లోంచి ఏడేసి తీసేసుకుంటూ పోవాలి. ఐదు మాటలు చెప్పి, కాసేపాగి మళ్లీ అడుగుతారు. పదిహేనేళ్లుగా ఆఫీసులో లెక్కలు రాసిన మనిషి. 93, 86, 79 అని టకటకా చెప్పేశాడు. 30కి 28 వచ్చాయి. 26 వస్తే చాలు, మామూలు కిందే లెక్క.

"ఇంట్లో ఎలా ఉంటున్నారు?" అని డాక్టరుగారు అడిగారు.

"బాగున్నాడు బాబూ" అంది అమ్మ. వదిన ఫైలు పట్టుకుని తలుపు దగ్గర నిలబడి ఉంది.

ఆటోలో మాత్రం, "మనిషింకా ఇంటికి రాలేదు" అంది వదిన.

ఆ మాట మాకెవరికీ నచ్చలేదు. చావు తప్పి బయటపడ్డవాణ్ణి పట్టుకుని అలా అంటారా? "దాని విసుగు దానిది" అనేసింది అమ్మ. నేనూ రిపోర్టు వైపే ఉన్నాను. రిపోర్టులో అంకె ఉంది. వదిన దగ్గరున్నవి చిన్న చిన్న ఫిర్యాదులు. స్టవ్ మీద పాలు పెట్టి వదిలేశాడని, చెప్తే తప్ప స్నానానికి లేవడని, గ్లాసు పగిలినందుకు పిల్లాడి మీద ఇల్లెగిరిపోయేలా అరిచాడని.

రెండు వారాలకే ఆఫీసువాళ్లు "ఇంకొన్నాళ్లు రెస్ట్ తీసుకోండి" అని తిప్పి పంపేశారు. అప్పుడు మొదలుపెట్టాను చదవడం.

1991లో షాలిస్, బర్జెస్ అనే ఇద్దరు పరిశోధకులు, తలకి దెబ్బ తగిలి మెదడు ముందుభాగం దెబ్బతిన్న ముగ్గురి గురించి రాశారు. తెలివితేటల పరీక్షల్లో ముగ్గురూ బాగానే చేశారు. వాళ్లని ఓ షాపింగ్ వీధికి తీసుకెళ్లి కొన్ని పనులు చెప్పారు. ఫలానావి కొనాలి, ఫలానా టైముకి ఫలానా చోట ఉండాలి, కొన్ని వివరాలు కనుక్కుని రాయాలి, డబ్బు వీలైనంత తక్కువ ఖర్చుపెట్టాలి. అక్కడ తడబడ్డారు. చదువుతుంటే విషయం అర్థమైంది. పరీక్ష గదిలో ఏది ముందు, ఎప్పుడు మొదలెట్టాలి, ఎప్పుడాపాలి అన్నది డాక్టరే చెప్తాడు. ఆ పని రోగి చెయ్యక్కర్లేదు. బజార్లో మొత్తం అదే పని.

ఒక ఆదివారం అన్నయ్యని రైతు బజారుకి తీసుకెళ్లాను. అరకిలో టమాటాలు, మందుల షాపులో మాత్రలు, ఆధార్ జిరాక్స్, సరిగ్గా 11కి బస్టాపులో నన్ను కలవడం. నాలుగూ చీటీ మీద రాసి జేబులో పెట్టాను. నేను నోట్‌బుక్ పట్టుకుని దొంగలా వెనకాల నడిచాను. నాకు సైకిల్ నేర్పినవాడి వెనక.

టమాటాల దగ్గరే పాతిక నిమిషాలు. ఒక్కొక్కటీ తిప్పి తిప్పి చూశాడు. అమ్మే ఆవిడతో కబుర్లు చెప్పాడు. పక్కన ఉల్లిపాయలు చవగ్గా ఉన్నాయని మూడు కిలోలు కొన్నాడు. చీటీ తియ్యలేదు. 11:20కి నేనే దగ్గరికెళ్లి, "ఏమేం పన్లు చెప్పాను అన్నయ్యా?" అనడిగాను. నాలుగూ వరసగా చెప్పాడు.

"మరి?"

"వెళ్దాంలేరా."

అన్నీ గుర్తున్నాయి. ఆ గుర్తున్నది మనిషిని కదిలించడంలేదు.

ఎఫ్ఐఎమ్ అని ఇంకో కొలత ఉంది. తినడం, స్నానం, సమస్య వస్తే పరిష్కరించుకోవడం లాంటి 18 అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 7. ఎవరి సాయమూ లేకుండా చేస్తే 7. చెయ్యి వెయ్యక్కర్లేదుగానీ పక్కన ఒకరుండి గుర్తుచేయాలంటే 5. మా ఇంట్లో ఆ రెండు మార్కుల తేడా వదినే. పొద్దుటి మాత్రలూ రాత్రి మాత్రలూ విడివిడిగా సర్దడం, తువ్వాలు కుర్చీ మీద వెయ్యడం, బయటికెళ్లేముందు సిలిండర్ కట్టెయ్యడం. అంతా సర్ది ఉన్న ఇంటికొచ్చి, టిఫిన్ తిని, బాగున్నాడని సర్టిఫికెట్ ఇచ్చి వెళ్లేవాళ్లం మేం.

ఆ సాయంత్రం నోట్‌బుక్ వదినకిచ్చాను. మొత్తం చదివింది.

"ఇవన్నీ నేను మొదటి నెల్లోనే చెప్పానుగా" అంది. కోపంగా కూడా కాదు.

నా దగ్గర జవాబు లేదు. పెన్ను అడిగి తీసుకుని, నాకు తెలియనివి కింద రాయడం మొదలుపెట్టింది. పిల్లాడు స్కూలు గేటు దగ్గర గంటన్నర నిలబడ్డ రోజు అందులో మొదటిది.

తర్వాతి అపాయింట్‌మెంట్‌కి డాక్టరుగారు మళ్లీ అదే ప్రశ్న వేశారు. అమ్మ నోరు తెరవబోయింది. నేను మోచెయ్యి పట్టుకుని ఆపాను. వదిన కుర్చీ ముందుకి జరుపుకుని నోట్‌బుక్ తెరిచింది.