లేడిపిల్ల ఔట్‌డోర్ షూటింగ్

ఈ ఔట్‌డోర్‌లో కథానాయిక ఎత్తు నాలుగంగుళాలు. పారితోషికం అడగదు. మేకప్ పుట్టుకతోనే వచ్చింది. ఎంత ఎండైనా గొడుగు పట్టమనదు. అది ఓ నిర్మల్ కొయ్యలేడి! కెమెరామన్ని నేను. దర్శకుడు మా అక్క కొడుకు, తొమ్మిదేళ్ళవాడు. ఆర్మూరులోనే పుట్టి పెరిగినా చుట్టుపక్కల పాత గుళ్ళూ కోటలూ చూడలేదు. "పాత గుళ్ళల్ల ఏముంటది మామా, బండలే గద!" అనేవాడు. లేడిపిల్లకి ఊరు చూపిద్దామనేసరికి చెప్పులేసుకుని ముందు నిలబడ్డాడు.

నవ్వకండి. బొమ్మల్ని యాత్రలకు తిప్పే ట్రావెల్ ఏజెన్సీయే ఉంది జపాన్‌లో. 2010లో టోక్యోలో మొదలైంది. మనం బొమ్మను పంపితే గుళ్ళూ గోపురాలూ చూపించి ఫొటోలు తీసి తిరిగి పంపుతారు. జబ్బువల్ల గడప దాటలేనివాళ్ళు కూడా తమ బదులు బొమ్మను పంపుతుంటారట. 2001లో వచ్చిన ఫ్రెంచి చిత్రం 'అమేలీ'లో తోటలోని మరుగుజ్జు బొమ్మ దేశదేశాలు తిరిగి ఫొటోలు పంపడం చూసినవాళ్ళకు ఇది కొత్త కాదు.

కథానాయిక పుట్టిల్లు

ఆర్మూరుకు ఉత్తరాన గోదావరి దాటి, సుమారు యాభై కిలోమీటర్లు పోతే నిర్మల్. అక్కడి నకాషీ కళాకారులు తేలికైన పొణికి చెక్కతో బొమ్మలు చెక్కుతారు. కాళ్ళూ చెవులూ విడిగా చేసి, చింతగింజల బంకలో రంపపుపొట్టు కలిపి అతుకుతారు. ఆపైన రంగులు. ఈ బొమ్మలకు 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఒక్క చిక్కుంది. పొణికి చెట్టు పెరగాలంటే ఏళ్ళు పడుతుంది, అడవిలో అది తగ్గిపోతోంది. చెట్టు లేకపోతే లేడీ లేదు.

మొదటి లొకేషన్: సిద్ధులగుట్ట

పసుపు ఉడికించి ఆరబోసే రోజులవి. ఆర్మూరు దారుల్లో గాలే పసుపు వాసన. ఊరిని ఆనుకుని నల్లటి గుండ్ల గుట్ట. దానిమీద నవనాథ సిద్ధేశ్వరాలయం. నవనాథులు తొమ్మిదిమంది. ఆరూ, మూడూ కలిస్తే తొమ్మిది కాబట్టి 'ఆరుమూరు' ఆర్మూరైందని స్థానికుల మాట.

లేడిని ఓ గుండుమీద నిలబెట్టాడు దర్శకుడు. "గివి ఎవలు పెట్టిండ్రు మామా?" అన్నాడు పైకి చూస్తూ. ఎవరూ పెట్టలేదు. తెలంగాణ రాళ్ళ వయసు సుమారు 250 కోట్ల ఏళ్ళు. భూమిలో ఉన్నప్పుడే పగుళ్ళలోకి నీళ్ళు దిగి మూలలు అరిగాయి. తర్వాత చుట్టూ మట్టి కొట్టుకుపోయి గుండ్లు మిగిలాయి. "అయితే దేవునికంటె ముందే వచ్చినయన్నట్టు!" అని తేల్చేశాడు.

కెమెరాను నేలకు ఆనించి లేడిని దగ్గరగా పెడితే గుట్టంత కనిపించింది. వాడి సంబరం చూడాలి! చిన్నదాన్ని పెద్దదిగా చూపించే విద్యలో మార్కస్ బార్ట్‌లీ దిట్ట. 'మాయాబజార్' (1957)లో చిన్న నమూనాలతోనే ద్వారకానగరాన్ని నమ్మించాడని చెబితే, ఆ సినిమా రాత్రికే చూడాలని పట్టుబట్టాడు.

రెండో లొకేషన్: డిచ్‌పల్లి

హైవే మీద దక్షిణానికి పోతే డిచ్‌పల్లి. చిన్న గుట్టమీద రామాలయం, కాకతీయుల కాలం నాటిదంటారు. దీనికి 'ఇందూరు ఖజురహో' అనే పేరుంది. ఎందుకో గోడల మీది శిల్పాలు చూస్తే పెద్దవాళ్ళకు తెలుస్తుంది! ఈ గుడి పూర్తి కాలేదు. సీతారాముల విగ్రహాలు చాలా తర్వాతి కాలంలో పెట్టినవి. సగంలో ఆగిన సినిమా లాంటిదంటే, "పైసలు ఒడిసినయా?" అనడిగాడు మావాడు.

లేడిని ఓ శిల్పం పక్కన పెట్టి దగ్గరగా చూస్తున్నాడు. చెక్కమీద ఉలిగాటు, రాతిమీద ఉలిగాటు. "రెండూ చేత్తోనే చేసిండ్రా?" అన్నాడు. అప్పటిదాకా వాడికి గుడంటే కొండలాగే దానంతటదే ఉన్న వస్తువు. ఆ పక్కనే ఎవరో మేకుతో గీకిన రెండు పేర్లు, మధ్యలో హృదయం బొమ్మ. ఆ షాట్ వద్దన్నాడు దర్శకుడు.

ఆఖరి లొకేషన్: ఇందూరు ఖిల్లా

అక్కణ్ణించి నిజామాబాద్, పాతపేరు ఇందూరు. ఖిల్లా గుట్టమీద రఘునాథాలయం ఉంది. నిజాం కాలంలో ఇక్కడే జైలు. 1948లో దాశరథి కృష్ణమాచార్య ఇక్కడ బందీ. గోడలమీద బొగ్గుతో పద్యాలు రాశాడు. తర్వాత 1961లో 'వాగ్దానం', 'ఇద్దరు మిత్రులు' చిత్రాలకు పాటలు రాసిందీ ఆ దాశరథే.

"ఆయన గోడమీద రాస్తె మంచిదా, వాళ్ళు రాస్తె తప్పా?" అని నిలదీశాడు మావాడు. న్యాయమైన ప్రశ్నే. ఆయన రాసింది జైలుగోడ మీద, వేరే దారిలేక, నిజాం రాజ్యాన్ని ఎదిరించి. బొగ్గు రాత తుడిస్తే పోతుంది. శిల్పం మీద మేకుగీత పోదు. పైగా ఆ శిల్పి తిరిగొచ్చి దాన్ని సరిచేయలేడు. వాడు కాసేపు ఆలోచించి నా జేబులోంచి పెన్నూ కాగితం లాక్కుని, 'లేడి ఇక్కడికి వచ్చింది' అని రాసి, మడిచి తన జేబులోనే పెట్టుకున్నాడు.

పాఠకులారా, సెలవుల్లో మీ ఇంటి చిన్నవాళ్ళను ఇలాంటి షూటింగుకు తీసుకెళ్ళండి. నిర్మల్ లేడి దొరక్కపోతే కొండపల్లి ఏనుగైనా సరే, ఏటికొప్పాక చిలకైనా సరే. మీ ఊరికి దగ్గర్లోని పాత గుడో, కోటో, దిగుడుబావో చాలు. ఎండ ముదరకముందే బయల్దేరండి, నీళ్ళు పట్టుకెళ్ళండి. ఆర్మూరు వైపు వస్తే భోజనానికి పక్కనే అంకాపూర్ ఉంది, అక్కడి నాటుకోడి కూరకు పెద్ద పేరు. తిరిగొచ్చేటప్పుడు బొమ్మను మరచిపోకండి. మేకూ సుద్దముక్కా మాత్రం ఇంట్లోనే వదిలేసి వెళ్ళండి.