చక్రాల ఇంటికి చిరునామా ఎక్కడ?

జూలైలో క్వార్ట్‌జైట్ వెళితే వీధిలో పిట్ట కూడా కనిపించదు. ఎండ నలభై డిగ్రీలు దాటి మాడ్చేస్తుంటుంది. సగం దుకాణాలకు తాళాలుంటాయి. అదే ఊరికి జనవరిలో వెళ్లి చూడండి. ఎడారి నిండా, కొండల దాకా, తెల్లతెల్లని డబ్బాలు! దగ్గరికి వెళితే తెలుస్తుంది... అవి డబ్బాలు కాదు, ఇళ్లు. ప్రతి ఇంటికీ తలుపూ కిటికీలూ ఉంటాయి. ముందు చాప పరిచి ఉంటుంది. దాని మీద రెండు మడత కుర్చీలు. ఇంటి కింద మాత్రం పునాది ఉండదు. చక్రాలుంటాయి.

అమెరికాలో వీటిని ఆర్‌వీలంటారు. కొన్ని మన ఆర్టీసీ బస్సంత పెద్దవి. కొన్ని మామూలు వ్యానంత. ఇంకొన్నింటికి సొంత ఇంజనుండదు, పికప్ ట్రక్కు వెనక తగిలించి లాక్కెళ్లాలి. మంచం, పొయ్యి, ఫ్రిజ్, స్నానాల గది అన్నీ లోపలే. ఉద్యోగం నుంచి రిటైరయ్యాక ఉన్న ఇల్లు అమ్మేసి ఇందులోకి మారిపోయే దంపతులు అక్కడ చాలామందే ఉన్నారు. వినడానికి ఎంత హాయిగా ఉంది! ఇల్లు వదిలేస్తే ఇంటి బాధలు కూడా వదులుతాయా మరి? ఆ సంగతి క్వార్ట్‌జైట్ ఎడారినే అడగాలి.

ఒంటెలవాడి ఊరు

అరిజోనా రాష్ట్రంలో ఫీనిక్స్ నగరం నుంచి పడమరగా సుమారు 200 కిలోమీటర్లు వెళితే ఈ ఊరు వస్తుంది. ఇంకో ముప్పై కిలోమీటర్లు దాటితే కొలరాడో నది, దాని అవతల కాలిఫోర్నియా. 2020 జనాభా లెక్కల ప్రకారం ఊళ్లో ఉండేది రెండున్నర వేల మంది లోపే. ఉత్తరాన మంచు కురిసే రాష్ట్రాల నుంచీ కెనడా నుంచీ ఆర్‌వీలు దిగేసరికి, చలికాలంలో ఆ లెక్క ఎన్నో రెట్లు పెరిగిపోతుంది. అప్పుడు ఇక్కడ పగలు హాయిగా ఉంటుంది. రాత్రి మాత్రం దుప్పట్లు రెండు కావాలి.

ఊరి శ్మశానంలో ఒక చిన్న పిరమిడ్ ఉంది. దాని నెత్తిన లోహంతో చేసిన ఒంటె బొమ్మ. అది హాజీ అలీ సమాధి. 1856లో అమెరికా సైన్యం ఎడారి దారుల్లో సామాను మోయడానికి ఒంటెలను తెప్పించింది. వాటితో పాటు ఒట్టోమన్ సామ్రాజ్యం నుంచి వచ్చినవాడు అలీ. ఆ పేరు నోరు తిరగని స్థానికులు ఆయన్ను ‘హై జాలీ’ చేసేశారు. 1902లో ఇక్కడే చనిపోయాడు. 1935లో అరిజోనా రోడ్ల శాఖ ఈ స్మారకం కట్టించింది. ఒంటెల్ని ఎందుకు తెచ్చారంటే, నీళ్లు లేకుండా ఎక్కువ దూరం పోగలవు కాబట్టి. నూట యాభై ఏళ్లు దాటిపోయినా ఈ ఎడారిలో మొదటి లెక్క ఇప్పటికీ అదే... నీళ్లెన్ని ఉన్నాయి?

మూడు ట్యాంకుల సంసారం

ఊరికి దక్షిణంగా లా పోసా అనే చోట 11,400 ఎకరాల ప్రభుత్వ భూమి ఉంది. భూ నిర్వహణ శాఖ 1983లో మొదలుపెట్టిన దీర్ఘకాలిక విడిది పథకంలో ఇదొకటి. సెప్టెంబరు 15 నుంచి ఏప్రిల్ 15 దాకా, అంటే ఏడు నెలలు, ఉండొచ్చు. ఏళ్ల తరబడి ఆ మొత్తానికీ రుసుము 180 డాలర్లే. చుట్టుపక్కల ఉచితంగా దిగే చోట్లూ ఉన్నాయి కానీ అక్కడ పద్నాలుగు రోజులే గడువు. లా పోసాలో డబ్బు కట్టినవాళ్లకు మంచినీళ్లు పట్టుకునే చోటు, మురుగు వదిలే చోటు, చెత్తకుండీలు చూపిస్తారు. ఇంటి దగ్గరికి మాత్రం పంపూ రాదు, కరెంటు తీగా రాదు. మిగతాదంతా ఎవరి సంసారం వాళ్లదే!

ఆర్‌వీ కింద మూడు ట్యాంకులుంటాయి. ఒకటి మంచినీళ్లది. రెండోది స్నానం, అంట్ల నీళ్లు చేరేది. మూడోది మరుగుదొడ్డిది. నలభై గ్యాలన్ల మంచినీళ్ల ట్యాంకంటే సుమారు నూట యాభై లీటర్లు. మన ఇళ్లల్లో ఒక్కరు స్నానం చేసి, ఓసారి బట్టలుతికితే అయిపోయే నీళ్లివి. అక్కడ ఇద్దరు వారం గడపాలని చూస్తారు. ఒళ్లు తడుపుకుని పంపు కట్టేయాలి. సబ్బు రుద్దుకున్నాక మళ్లీ తిప్పాలి. వేడినీళ్లు వచ్చేలోపు పడే చన్నీళ్లను చిన్న బకెట్లో పట్టి దాచాలి. పళ్లాలను ముందు కాగితంతో తుడిచి, తర్వాతే కడగాలి. ఇంతా చేస్తే ముందు నిండేది మంచినీళ్లు ఖాళీ అయిన ట్యాంకు కాదు... అంట్ల నీళ్లది!

మరుగుదొడ్డి ట్యాంకుది ఇంకో కథ. కొత్తవాళ్లు దాని కవాటాన్ని తెరిచే ఉంచుతారు. నీళ్లన్నీ జారిపోయి, గట్టిది అడుగున కొండలా పేరుకుపోతుంది. ఆ తర్వాత దాన్ని కదిలించడం ఎవరి తరమూ కాదు. అందుకే మూసి ఉంచి, మూడొంతుల్లో రెండొంతులు నిండాక ఒక్కసారే వదలాలి. ముందు మరుగుదొడ్డిది, తర్వాత అంట్ల నీళ్లది. రెండోదాని సబ్బునీళ్లు గొట్టాన్ని కడిగేస్తాయి. ఈ వరస తప్పితే చేతులు కడుక్కోవడానికే పూట పడుతుంది. మంచినీళ్లకు వాడే గొట్టాన్ని ఈ పనికి పొరపాటున కూడా తాకనివ్వరు. దాన్ని విడిగా, వేరే అరలో దాస్తారు. మన ఇళ్లల్లో మడిబట్ట ఆరేసినంత జాగ్రత్తగా!

సూర్యుడే కరెంటాఫీసు

కరెంటుకు కప్పు మీద సోలార్ పలకలు, లోపల బ్యాటరీలు. సీసం బ్యాటరీలైతే సగానికి మించి వాడితే త్వరగా పాడవుతాయి. లిథియం వాటిలో చాలావరకు వాడుకోవచ్చు గానీ ఖరీదెక్కువ. శీతకాలంలో సూర్యుడు కిందుగా నడుస్తాడు కాబట్టి పలకలను దక్షిణం వైపు వాలుగా లేపుతారు. మబ్బు పట్టిందంటే ఆ రోజు అందరూ మీటరు వంకే చూస్తుంటారు. చలికి హీటరు వేస్తే దానికి మండేది గ్యాసే అయినా, వేడిని లోపలికి తోసే ఫ్యాను బ్యాటరీని తాగేస్తుంది. నిద్రలో ఊపిరి ఆగే జబ్బున్నవాళ్లు రాత్రంతా ముక్కుకు గాలి యంత్రం పెట్టుకోవాలి. వాళ్లకు బ్యాటరీ అంటే దీపం కాదు, ప్రాణం. జనరేటర్ ఉంటే ఏ ఇబ్బందీ లేదంటారా? లా పోసాలో రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా దాన్ని ఆపేయాల్సిందే. పక్కింటాయన నిద్ర ముఖ్యం కదా!

ఎడారి ఎలుకలు ఇంకో బెడద. ఇంజను దగ్గర గూడు కట్టి తీగలు కొరికేస్తాయి. అందుకే రాత్రిళ్లు బానెట్లు తెరిచి, కింద చిన్న దీపం వెలిగించి పెడతారు. తెలియనివాళ్లకు దీపావళిలా కనిపిస్తుంది.

కదిలేముందు ఓ ప్రదక్షిణ

రోడ్డెక్కే రోజు పని వేరు. ఆర్‌వీ చుట్టూ ఒక ప్రదక్షిణ తప్పదు. కరెంటు తీగ పీకారా? మెట్లు లోపలికి మడిచారా? ఎండకు వేసిన పందిరి చుట్టారా? కప్పు మీద యాంటెన్నా దించారా? ఫ్రిజ్ తలుపుకు గొళ్లెం పెట్టారా? ఒక్కటి మరిచినా మొదటి మలుపులోనే గుడ్లన్నీ నేల మీదుంటాయి. స్టీరింగ్ ముందు ఒక కాగితం అంటించి ఉంటుంది. దాని మీద బండి ఎత్తు రాసుంటుంది. పాత వంతెన కిందికి పోయే ముందు చూసుకోవాల్సింది ఆ అంకెనే. కారు అలవాటులో దూరితే కప్పు మీది ఏసీ అక్కడే ఉండిపోతుంది.

టైర్లను అరుగుదలతో కాదు, వయసుతో కొలవాలి. గాడులు కొత్తగా మెరుస్తున్నా, ఎండలో ఏళ్ల తరబడి నిలబడ్డ రబ్బరు లోపల చిట్లిపోతుంది. టైరు పక్కన ముద్రించిన నాలుగంకెలు అది ఏ ఏడాది, ఎన్నో వారంలో తయారైందో చెబుతాయి. అయిదారేళ్లు దాటితే అనుభవజ్ఞులు మార్చేస్తారు. ఇక పెట్రోలంటారా, పెద్ద బండి లీటరుకు మూడు నాలుగు కిలోమీటర్లు ఇస్తే గొప్ప.

సొంతిల్లున్నవాళ్లకూ సుఖం లేదు. ఇంటి ముందు ఆర్‌వీ నిలపడానికి చాలా కాలనీల సంఘాలు ఒప్పుకోవు. ఎక్కడో అద్దె స్థలంలో పెట్టాలి. మంచు పడే ఊళ్లలో చలి రాకముందే గొట్టాల్లోని నీళ్లన్నీ తీసేసి, గడ్డకట్టని గులాబీరంగు ద్రవం పట్టించాలి. మరిచిపోతే నీళ్లు గడ్డకట్టి గొట్టాలు పగులుతాయి. ఆ సంగతి వసంతంలో గానీ బయటపడదు. కప్పు అంచుల్లో జిగురు ఎండి పగిలిందేమో ఏడాదికి రెండుసార్లయినా నిచ్చెనెక్కి చూడాలి. గోడలోకి చేరిన చుక్క నీరు చెక్కను చప్పుడు లేకుండా తినేస్తుంది. జనవరి నెలాఖరులో క్వార్ట్‌జైట్‌లో పెద్ద గుడారం వేసి జరిపే ఆర్‌వీ ప్రదర్శనలో ఈ జిగుర్లు, గొట్టాలు, పలకల దుకాణాలకు అందుకే అంత గిరాకీ.

మనవాళ్లూ ఎక్కుతున్నారు

అమెరికాలో ఉన్న తెలుగు కుటుంబాలు వేసవిలో అమ్మానాన్నలు రాగానే ఆర్‌వీ అద్దెకు తీసుకుని గ్రాండ్ కేన్యన్‌కో ఎల్లోస్టోన్‌కో బయల్దేరడం ఇప్పుడు మామూలైపోయింది. పెద్దవాళ్లకు బయటి తిండి పడదు, ఇందులోనైతే ఇంత అన్నం వండుకోవచ్చు. మరుగుదొడ్డి కోసం వెతుక్కోనక్కర్లేదు. మొదటి రాత్రే చిన్న పేచీ వస్తుంది.

“ఒరేయ్, పంపు ఇంత సన్నగా వస్తోందేంట్రా? బియ్యం కడగడానికే చాలట్లేదు.”

“సన్నగానే రానీ అమ్మా. అయిపోతే రేపటిదాకా చుక్కుండదు.”

తర్వాత పోపు వేయగానే పొగ అలారం మోగుతుంది. అందుకే పొయ్యి వెలిగించే ముందు కిటికీ తీసి, ఫ్యాను వేయాలి. అద్దె కాగితాల్లో రోజుకు ఎన్ని మైళ్లు, జనరేటర్‌కు గంటకు ఎంత, ట్యాంకులు ఖాళీ చేయకుండా తిరిగిస్తే ఎంత జరిమానా అన్నవి ముందే చదువుకోవాలి. గ్రాండ్ కేన్యన్ దక్షిణపు అంచున ఉన్న మేథర్ విడిదిలో ముప్పై అడుగులు దాటిన బండికి చోటివ్వరు. అక్కడ కరెంటు, నీళ్ల కనెక్షన్లూ ఉండవు. అవి కావాలంటే పక్కనున్న ట్రైలర్ విలేజ్‌లో చోటు ముందే దొరకబుచ్చుకోవాలి.

మీ ఊరేది?

మనవాళ్లు వారం తిరిగి ఇంటికెళ్లిపోతారు. ఇల్లు అమ్ముకుని వచ్చినవాళ్లకే అసలు చిక్కు. డ్రైవింగ్ లైసెన్సుకు చిరునామా కావాలి. బీమాకు కావాలి. ఓటుకు కావాలి. బ్యాంకు వాళ్లకు, మందులు పంపేవాళ్లకు కావాలి. ‘ఎడారిలో మూడో తుమ్మచెట్టు పక్కన’ అని రాస్తే ఎవరూ ఒప్పుకోరు కదా!

దీనికి వాళ్లే ఒక దారి వెతుక్కున్నారు. ఏడాది పొడవునా తిరిగేవాళ్లు ఎక్కువగా టెక్సస్, ఫ్లోరిడా, దక్షిణ డకోటాలను సొంత రాష్ట్రాలుగా రాయించుకుంటారు. ఆ మూడింటిలోనూ రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. ఉత్తరాలు అందుకుని, ఎక్కడుంటే అక్కడికి పంపే సంస్థలున్నాయి. 1978లో పుట్టిన ‘ఎస్కేపీస్’ అనే ఆర్‌వీ యజమానుల సంఘం అలాంటిదే. హ్యూస్టన్‌కు ఉత్తరాన ఉన్న లివింగ్‌స్టన్ అనే చిన్న ఊరు దాని కేంద్రం. ఎప్పుడూ ఆ ఊళ్లో కాపురం చేయని ఎంతోమందికి కాగితాల మీద అదే సొంతూరు. ఉత్తరం ముందు అక్కడికి చేరి, అక్కడి నుంచి వాళ్లను వెతుక్కుంటూ వస్తుంది.

వైద్యం సంగతీ అంతే. 65 ఏళ్లు దాటినవాళ్లకు ప్రభుత్వమిచ్చే మామూలు మెడికేర్ దేశమంతా చెల్లుతుంది. దాని బదులు ప్రైవేటు కంపెనీల పథకం ఎంచుకుంటే చాలావరకు తమ ప్రాంతపు ఆస్పత్రులకే వెళ్లాలి. తిరిగేవాళ్లకు ఈ తేడా తెలియకపోతే జేబు ఖాళీ. పంటి వైద్యానికైతే చాలామంది యూమా దాకా వెళ్లి, సరిహద్దు నడిచి దాటి మెక్సికోలోని లాస్ అల్గొదోనెస్‌కు పోతారు. అమెరికాలో పళ్లకయ్యే ఖర్చు అలాంటిది.

అందరూ సరదాకే వచ్చారనుకుంటే పొరపాటు. ఇంటద్దె కట్టలేక వ్యానులోకి మారినవాళ్లూ ఈ ఎడారిలో ఉన్నారు. వాళ్ల గురించి జెస్సికా బ్రూడర్ 2017లో ‘నోమాడ్‌ల్యాండ్’ పుస్తకం రాశారు. అది సినిమాగా వచ్చి 2021లో ఉత్తమ చిత్రంగా ఆస్కార్ గెలిచింది.

డబ్బున్నా లేకున్నా అందరినీ తొలిచే ప్రశ్న ఒకటుంది. ఎన్నాళ్లు? బండి నడపడానికి ఒకరు, వెనక్కి తీసేటప్పుడు నిలబడి చెయ్యూపడానికి ఇంకొకరు కావాలి. ఇద్దరిలో ఒకరికి చూపు మందగిస్తే? ఒకరే మిగిలితే? ఆ రోజును వాళ్లు ‘తాళాలు మేకుకు తగిలించడం’ అంటారు. మోకాళ్లు పట్టు తప్పాక నిచ్చెన ఎక్కలేరు, గొట్టం ఎత్తలేరు. అప్పటికి తిరిగి వెళ్లడానికి ఇల్లుండదు, అమ్మేశారు కదా. అలాంటివాళ్ల కోసమే లివింగ్‌స్టన్‌లో ఎస్కేపీస్ సంఘం వాళ్లు ఒక సంరక్షణ కేంద్రం నడుపుతున్నారు. అక్కడ ఎవరి ఆర్‌వీలో వాళ్లే ఉంటారు. భోజనం, సాయం పక్కనే దొరుకుతాయి. ఇన్నేళ్లూ కాగితాల మీదే ఉన్న సొంతూరు, అప్పుడు కొందరికి నిజంగానే సొంతూరవుతుంది.

ఏప్రిల్ సగానికి ఎండ ముదురుతుంది. లా పోసా ఖాళీ అవుతుంది. బండి కదిలే ముందు పెద్దాయన ఒకసారి చుట్టూ తిరిగి చూసుకుంటాడు. ఆవిడ వెనకాల నిలబడి చెయ్యూపుతుంది. మడత కుర్చీలు రెండూ లోపలున్నాయో లేదో చివరగా ఇంకోసారి చూసుకుంటారు. వచ్చే సెప్టెంబరులో మళ్లీ రెండూ వేయాలి కదా!