ఆట ముగిసిన తరువాత

బడి విడిచిన వెంటనే పల్లెవీధులు బొంగరములతోను, గోలీలతోను, బిళ్ళంగోడుతోను కళకళలాడును. చీకటిపడు వేళకు ఇంటినుండి తల్లి పిలుపు వినవచ్చును. అంతవరకు ప్రాణసమానముగా చూచుకొన్న వస్తువు ఆ పిలుపుతో ఎక్కడిదక్కడ నిలిచిపోవును. బొంగరము అరుగుక్రింద, బంతి పెరటిలో, టైరుచక్రము చెట్టుమొదట పడియుండును. ఆటవస్తువు ఆటలో అరుగుట సహజము. అందులకు ఎవ్వరును చింతింప నక్కరలేదు. కాని అది పాడగుట తరచుగా ఆటలో జరుగదు. ఆట ముగిసిన తరువాత, ఎవరును చూడని రాత్రివేళ, మంచులోను వానలోను జరుగును.

ఈ మాటకు బొంగరమే సాక్షి. కొయ్యను గుండ్రముగా మలచి, అడుగున ఇనుపమేకు దిగగొట్టి బొంగరము చేయుదురు. కొయ్య ఎండిన తరువాత కూడ గాలిలోని తేమను పీల్చుచునే యుండును. తేమకు ఉబ్బును, ఎండకు ముడుచుకొనును. ఇట్లు పలుమారులు జరిగినచో మేకుచుట్టు ఉన్న పట్టు సడలును. మేకునకు త్రుప్పు కూడ పట్టును. మేకు వెండ్రుకవాసి ఒరిగినను బొంగరము నిలువదు. వణకుచు, గంతులు వేయుచు నేలబడును. అప్పుడు పిల్లవాడు దానిని చేసిన వడ్రంగిని నిందించును. పాపము, వడ్రంగి చేసిన తప్పేమియు లేదు! ఆట కాగానే మట్టి తుడిచి, మేకునకు ఒక చుక్క కొబ్బరినూనె రాచి, త్రాడు విప్పి వేరుగా వ్రేలాడదీసిన చాలును. తడిసిన నూలుత్రాడును బొంగరమునకే చుట్టి యుంచుట రెండింటికిని చేటు.

తెలంగాణమున చిర్రగోనె అని పిలువబడు బిళ్ళంగోటికి ఇంత శ్రద్ధ అక్కరలేదు. కర్ర పోయినచో మరియొక కొమ్మ దొరకును. మట్టిగోడకు ఆనించినచో చెద పట్టును, అంతే. క్రికెట్ బ్యాటు సంగతి అట్టిది కాదు. కూలిచేసి బ్రతుకు తండ్రికి దాని వెల చిన్నది కాదు. మన దేశమున అమ్ముడగు బ్యాటులలో అనేకము కాశ్మీరములో పెరుగు విల్లో చెట్టు కొయ్యతో చేసినవి. ఆ కొయ్య తేలికయైనది. మిక్కిలి ఎండినచో పగులును, నీరు త్రాగినచో ఉబ్బును. పైపూత లేని బ్యాటునకు కాచని అవిసెనూనెను పలుచగా పూసి, పడుకోబెట్టి ఆరనిత్తురు. నూనె ఎక్కువైనచో బ్యాటు బరువెక్కును. పిడి అతికిన చోటికి నూనె తగులరాదు. తడిసిన తోలుబంతిని త్వరగా ఆరవలెనని పొయ్యి దగ్గర పెట్టువారు కలరు. తోలు బిరుసెక్కి పగులుటకు అంతకంటె దగ్గరి దారి లేదు. దానిని నీడలోనే ఆరబెట్టవలెను. ప్లాస్టిక్ వస్తువులకు కూడ ఎండయే శత్రువు. అవి రంగు వెలసి, పెళుసై విరుగును.

ఇక పాత సైకిలు టైరు. దీనిని కర్రతో దొర్లించుచు పరుగెత్తుటకు కానియైనను ఖర్చు లేదు. ఖర్చు లేనిది గనుకనే దీనిని ఎవరును లోపల పెట్టరు. వానకాలమున ఇది పెరటిలో పడియుండును. ఎటు త్రిప్పి వేసినను దాని పొట్టలో కొంత నీరు నిలుచును. కాళ్ళపై తెల్లని చారలుండు ఈడిస్ దోమకు ఆ నీరు చాలును. డెంగీ, చికున్‌గున్యా జ్వరములను వ్యాపింపజేయు దోమ ఇదియే, పగటివేళ కుట్టును. ఇది నీటి అంచునకు కొంచెము పైగా, తడి గోడపై గ్రుడ్లు పెట్టును. వెచ్చని దినములలో గ్రుడ్డు దోమ యగుటకు సుమారు 8 మొదలు 10 దినములు పట్టును. నీరు ఎండిపోయినను గ్రుడ్లు నెలల తరబడి చావక, మరల వాన పడినప్పుడు పొదుగును. కావున టైరులోని నీటిని పారబోసినంత మాత్రమున పని తీరదు. లోపల గట్టిగా రుద్ది కడిగి, ఆరబెట్టి, వాన తగులని కప్పుక్రింద ఉంచవలెను.

దోమకును జ్వరమునకును గల సంబంధము తెలుగునేలపైననే ఒకనాడు బయటపడినది. 1897 ఆగస్టు 20న సికిందరాబాదులో రోనాల్డ్ రాస్ అను వైద్యుడు అనాఫిలిస్ జాతి దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని కనుగొనెను. అందులకు 1902లో ఆయనకు నోబెల్ బహుమానము లభించెను. ఆ దోమ వేరు, టైరులోని దోమ వేరు. ఐనను రెండును నిలిచిన నీటినుండి పుట్టినవే.

సంక్రాంతి వెళ్ళిన తరువాత గాలిపటములను ఎవరును తలపరు. కాగితము చిరిగినచో అన్నపు మెతుకులతో అతికి, గోడకు పరచినట్లు తగిలించిన మరుసటి యేటికి పనికివచ్చును. దారము సంగతి అంతకంటె ముఖ్యమైనది. కొమ్మలలో చిక్కిన దారమునకు పక్షుల రెక్కలును కాళ్ళును తగులుకొని తెగును. నైలాను మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో దేశమంతట నిషేధించినది. నూలుదారమైనను మిగిలినంత చరఖాకు చుట్టి దాచవలెను. కరెంటు తీగలకు చిక్కినదానిని మాత్రము ఎవరును ముట్టరాదు. అది విద్యుత్తు శాఖవారి పని.

కొన్ని యిండ్లలో తలుపు వెనుక ఒక మేకును, దానికి ఒక వెదురుబుట్టయు ఉండును. బుట్టలో గాలి ఆడును గనుక లోపలి వస్తువు బూజు పట్టదు. తడివస్తువును గోనెసంచిలో కట్టిపెట్టుటకంటె ఇది మేలు. అన్న హైస్కూలుకు పోయిన యేట ఆ బుట్ట తమ్మునిదగును. అందలి బొంగరము మేకు కదలకుండ ఉండును. త్రాడు మాత్రము క్రొత్తది కావలెను.